మెడ మీది నలుపు

తల దువ్వి జడ అల్లబోతూ జుట్టు పైకెత్తినప్పుడు అమ్మకే మొదట కనిపిస్తుంది. పన్నెండేళ్ల పిల్ల మెడ వెనక నల్లటి పట్టీ. తడిమితే చర్మం మందంగా, మఖమల్ గుడ్డను తాకినట్టు ఉంటుంది. దగ్గరగా చూస్తే అడ్డంగా సన్నటి గీతలు. "ఒళ్లు సరిగ్గా రుద్దుకోవట్లేదా ఏమే?" అన్న మాట వెంటనే నోటికొస్తుంది. ఆ ఆదివారం తలంటు పోసేటప్పుడు పీచు పెట్టి గట్టిగా తోముతారు. పోదు. శనగపిండి, పెరుగు కలిపి పట్టిస్తారు. నిమ్మచెక్క మీద పంచదార చల్లి రుద్దుతారు. ఎవరో ఫోనులో వీడియో చూపిస్తే వంటసోడా కూడా రాస్తారు. చర్మం ఎర్రగా కంది మండుతుంది, పిల్ల ఏడుస్తుంది, నలుపు మాత్రం అక్కడే ఉంటుంది. రాపిడికి ఇంకాస్త ముదురుతుంది కూడా. అప్పుడు మందుల షాపుకెళ్లి ఒక ట్యూబు అడిగి తెచ్చుకుంటారు.

ఆ నలుపు మురికి కాదని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. వైద్యులు దాన్ని అకాంథోసిస్ నైగ్రికాన్స్ అంటారు. 19వ శతాబ్దం చివర్లోనే యూరప్ చర్మవైద్యులు దాన్ని వర్ణించి, పేరు పెట్టారు. మెడ చుట్టూ, చంకల్లో, గజ్జల్లో, మోచేతి మడతల్లో, ఒక్కోసారి వేళ్ల కణుపుల మీద వస్తుంది. పక్కనే చిన్న చిన్న పులిపిర్లు వేలాడటం కూడా మామూలే. ఎక్కువమందిలో అది చెప్పేది ఒకటే: ఒంట్లో ఇన్సులిన్ ఉండాల్సినదానికంటే చాలా ఎక్కువగా ఉంది.

తిన్న అన్నం చక్కెరగా మారి రక్తంలోకి వస్తే, దాన్ని కండరాల్లోకి, కాలేయంలోకి పంపే పని ఇన్సులిన్‌ది. పొట్ట చుట్టూ కొవ్వు పేరుకుని, కాలేయంలోకీ చేరి, ఒళ్లు కదలడం తగ్గిపోతే కణాలు దాని పిలుపుకు పలకడం మానేస్తాయి. క్లోమగ్రంథి ఊరుకోదు, ఇంకా ఎక్కువ ఇన్సులిన్ వదులుతుంది. ఆ ఎక్కువైన ఇన్సులిన్ చర్మ కణాల మీద పెరుగుదలను ప్రేరేపించే గ్రాహకాలను కూడా తట్టిలేపుతుంది. పైచర్మం మడతలు మడతలుగా మందమెక్కుతుంది, నల్లబడుతుంది. అందుకే ఎంత తోమినా పోదు. తోమేది చర్మాన్ని, కారణం ఉన్నది రక్తంలో.

అసలు భయపడాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. ఈ దశలో పరగడుపున చక్కెర పరీక్ష చేయిస్తే చాలామంది పిల్లల్లో అంకె మామూలుగానే వస్తుంది. క్లోమం రెట్టింపు చాకిరీ చేసి ఆ అంకెను పట్టి ఉంచుతోంది కాబట్టి అలా వస్తుంది. "షుగర్ లేదన్నారు" అని ఇంటికొచ్చి, మళ్లీ క్రీముల వెంట పడతారు. క్లోమం అలా ఎన్నేళ్లు లాగగలదో ఒక్కొక్కరి ఒంటిని బట్టి ఉంటుంది. అది అలిసిపోయిన రోజున వచ్చేదే మధుమేహం. 2023లో అచ్చయిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని, మరో 13.6 కోట్ల మంది దాని గుమ్మంలో ఉన్నారని అంచనా వేసింది. ఆ గుమ్మం దాకా రాకముందే, ఖర్చు లేకుండా, సూది గుచ్చకుండా, ఉత్త కంటితో చూడగలిగిన హెచ్చరిక ఈ మెడ మీది నలుపు. దాన్ని చెరిపేయడానికి మనం పడుతున్న పాట్లు చూస్తే దిగులేస్తుంది.

తిండిలోని తేడా మెడ మీద నల్లటి హారంగా కనపడటం ఇదే మొదలు కాదు. 18వ శతాబ్దంలో స్పెయిన్‌లోని ఆస్టూరియాస్‌లో గాస్పర్ కాసాల్ అనే వైద్యుడు మొక్కజొన్న మీదే బతికే పేద రైతుల్లో ఒక జబ్బును గమనించాడు. ఎండ తగిలే చోటల్లా చర్మం నల్లబడి, పొలుసులు లేచి, మెడ చుట్టూ దండ వేసినట్టు మచ్చ ఏర్పడేది. ఆ మచ్చను ఇప్పటికీ కాసాల్ హారం అనే అంటారు. జబ్బు పేరు పెల్లాగ్రా. 20వ శతాబ్దం మొదట్లో అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో అది వేలమందిని పొట్టన పెట్టుకుంటుంటే అక్కడి పెద్దలు చాలామంది అది మురికివాడల నుంచి వచ్చే అంటువ్యాధి అన్నారు. జోసెఫ్ గోల్డ్‌బర్గర్ అనే ప్రభుత్వ వైద్యుడు ఒప్పుకోలేదు. 1915లో మిసిసిపీలోని ఒక జైలు పొలంలో స్వచ్ఛందంగా ముందుకొచ్చిన ఖైదీలకు మొక్కజొన్న ప్రధానంగా ఉన్న తిండి పెట్టించాడు. 11 మందిలో ఆరుగురికి పెల్లాగ్రా లక్షణాలు వచ్చాయి. అది అంటుకోదని చూపించడానికి తనూ, తన భార్యా, తోటి వైద్యులూ రోగుల రక్తాన్ని ఎక్కించుకున్నారు, ఆయనా, ఆ వైద్యులూ రోగుల చర్మపు పొలుసులు కూడా మింగారు. ఎవరికీ జబ్బు రాలేదు. అయినా ఆయన మాట ఒప్పుకోవడానికి చాలామందికి మనసు రాలేదు. మురికి అంటే తప్పు పేదవాడిది అవుతుంది. తిండి అంటే ఆ తిండి తప్ప ఇంకొకటి దొరకకుండా చేసినవాళ్లది అవుతుంది. లోపించినది నియాసిన్ అనే విటమిన్ అని 1937లో తేలింది.

ఈ కథ మనకు దూరపుదేమీ కాదు. 1918లో కూనూరులో మొదలైన పోషకాహార పరిశోధనశాల 1958లో హైదరాబాద్‌కు తరలింది. ఇప్పుడు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ అదే. ఆ రోజుల్లో దక్కన్ పీఠభూమిలో జొన్నరొట్టె తప్ప మరొకటి ఎరగని కూలిజనం మెడ మీద, ముంజేతుల మీద అదే నలుపుతో ఆసుపత్రికి వచ్చేవారు. సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా 1960లో జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ అనే అమైనో ఆమ్లానికి, ఈ జబ్బుకు సంబంధం ఉందని ప్రతిపాదించారు. దాని మీద తర్వాత ఎన్నో వాదాలు నడిచాయి. వాదం ఎటు తేలినా, ఆ కూలి కంచంలో పప్పు, పాలు, గుడ్డు, మాంసం లేకపోవడమే అసలు నేరమన్న సంగతిలో మార్పు లేదు. జొన్న తప్పు ఏమీ లేదు. జొన్న ఒక్కటే తినాల్సి రావడం తప్పు. ఇవాళ చిరుధాన్యాలను సర్వరోగ నివారిణిగా అమ్ముతున్నవారు, కొంటున్నవారు ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే బాగుంటుంది.

అప్పటి మెడ లేమిని చెప్పింది. ఇప్పటి మెడ చెబుతున్నది ఏమిటి? తిండి ఎక్కువైందని అనేస్తే సగమే చెప్పినట్టు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత (2019–21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల మహిళల్లో 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం ఉండాల్సిన బరువుకు మించి ఉన్నారు. అదే సర్వేలో రక్తహీనత ఉన్న మహిళలు ఆంధ్రలో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఈ రెండూ వేర్వేరు ఇళ్ల లెక్కలనుకుంటే పొరపాటు. మెడ నల్లబడిన పిల్లకే పెదాల మూలలు పగిలి ఉంటాయి, కింది కనురెప్ప లాగి చూస్తే తెల్లగా పాలిపోయి ఉంటుంది. మాంసం, గుడ్డు ముట్టక, పాలు కూడా సరిగా తాగని పిల్లల్లో బి12 తగ్గి వేళ్ల కణుపులు నల్లబడటమూ ఉంది. ఆ పిల్ల కడుపు నిండుతోంది, ఒంటికి కావాల్సినవి మాత్రం అందడం లేదు.

ఒక ఇంటర్మీడియట్ హాస్టల్లో రోజు ఎలా గడుస్తుందో తల్లిదండ్రులందరికీ తెలుసు. తెల్లారకముందే లేపి స్టడీ అవర్. పొద్దున ఉప్మా, కాకపోతే నాలుగు ఇడ్లీలు, పలచని చట్నీ. మధ్యాహ్నం పళ్లెం నిండా బాగా పాలిష్ పట్టిన తెల్లన్నం, నీళ్ల సాంబారు, చెంచాడు కూర. సాయంత్రం తీపి టీ, బిస్కెట్లు. రాత్రి మళ్లీ అన్నం. ఇంటి నుంచి పంపిన డబ్బాలో కారప్పూస, మైసూర్‌పాక్. ఆదివారం బయటకు వదిలితే నూడుల్స్, కూల్‌డ్రింక్. ఆటస్థలం ఉండదు, ఉన్నా తాళం. నిద్ర ఆరు గంటలు దాటదు. నిద్ర తగ్గినా ఇన్సులిన్‌కు కణాలు పలకడం తగ్గుతుందన్నది వైద్యంలో రుజువైన విషయమే. రెండేళ్లు ఇలా కూర్చోబెట్టి, బయటికొచ్చేనాటికి ఆ పిల్ల పది కిలోలు పెరిగి, మెడ నల్లబడి, నెలసరి తప్పి, గడ్డం కింద రోమాలు, బుగ్గల నిండా మొటిమలతో వస్తే, ర్యాంకు గురించి మాట్లాడుకున్నంతసేపు ఎవరూ ఆ సంగతి మాట్లాడరు. పెరిగిన ఇన్సులిన్ అండాశయాల మీద పనిచేసి పురుష హార్మోన్లను పెంచుతుంది. పీసీఓఎస్ అని ఇప్పుడు ప్రతి వీధిలో వినపడే మాట వెనక తరచుగా ఉన్నది ఇదే. మెడ, ముఖం, నెలసరి మూడు వేర్వేరు డాక్టర్ల దగ్గర చూపించుకునే మూడు జబ్బులుగా కనిపిస్తాయి గానీ చాలామంది పిల్లల్లో వాటి వేరు ఒక్కటే.

అన్నాన్ని తిట్టడానికి ఇది రాయడం లేదు. అన్నం మన బతుకు. కానీ తవుడు పూర్తిగా తీసేసి మల్లెపువ్వులా చేసిన బియ్యంలో బి విటమిన్లు, పీచు చాలావరకు మిల్లులోనే పోతాయి. మిగిలిన పిండిపదార్థం కంచంలో ముప్పావు భాగం ఆక్రమిస్తే పప్పుకు, కూరకు, గుడ్డుకు చోటుండదు. దేశంలో మనం తినే తిండి నుంచి వచ్చే శక్తిలో 62 శాతం పిండిపదార్థాలదేనని ఇండియాబ్ బృందం 2025లో లెక్కకట్టింది. తెల్లన్నం మానేసి అంతే చపాతీలు, అంతే చిరుధాన్యాల పిండి తింటే ముప్పు తగ్గడం లేదని, పిండిపదార్థం తగ్గించి ఆ చోట పప్పులు, పాలు, పెరుగు వంటి వాటి నుంచి మాంసకృత్తులు చేరితేనే తగ్గుతోందని కూడా చూపింది. రాత్రి అన్నం మానేసి ఆరు చపాతీలు తింటూ "డైటింగ్ చేస్తున్నాం" అనుకునే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. ఇక చక్కెర. రోజుకు పైనుంచి కలిపే చక్కెర 25 గ్రాములు దాటకూడదని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో చెప్పింది. 300 మిల్లీలీటర్ల కూల్‌డ్రింక్ సీసా ఒక్కదానితో ఆ హద్దు దాటిపోతుంది.

మొటిమల విషయంలో కూడా మన ఇళ్లలో నిందలు తప్పు చోట పడుతున్నాయి. "వేడి చేసింది" అని మామిడిపండు మాన్పిస్తారు, గుడ్డు మాన్పిస్తారు. ఆస్ట్రేలియాలో 43 మంది మగపిల్లల మీద 12 వారాలు నడిపి 2007లో ప్రచురించిన ప్రయోగంలో, రక్తంలో చక్కెరను ఒక్కసారిగా పెంచని తిండి తిన్నవారికి మొటిమలు ఎక్కువగా తగ్గాయి. పాల గురించిన సాక్ష్యం అంత బలమైనది కాదు. జిమ్ముకెళ్లే కుర్రాళ్లు డబ్బాలకు డబ్బాలు తాగే వే ప్రొటీన్ వల్ల మొటిమలు విరగబూసిన సందర్భాలను మాత్రం వైద్యులు నమోదు చేశారు. బొల్లి వచ్చిన పిల్లలకు చేప, పాలు, పెరుగు, పుల్లటివి అన్నీ మాన్పించి పథ్యం పేరుతో ఎండబెట్టడం మరీ ఘోరం. చేపలు తిని పాలు తాగితే బొల్లి వస్తుందన్న మాటకు ఆధారం లేదు. అసలే జబ్బుతో కుంగిపోయిన పిల్లకు తిండి కూడా లేకుండా చేస్తున్నాం.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మేనిరంగు జబ్బు కాదు. నల్లగా పుట్టిన పిల్ల నల్లగానే ఉంటుంది, ఆ నలుపులో దిద్దవలసింది ఏదీ లేదు. మనం మాట్లాడుతున్నది ఒళ్లంతా ఒక రంగులో ఉండి, మెడ, చంకలు మాత్రం కొత్తగా మందమెక్కి నల్లబడటం గురించి. ఈ రెండింటికీ తేడా తెలియని చోట వ్యాపారం మొదలవుతుంది. సంబంధాలు చూసే వయసు వచ్చేసరికి ఆ పిల్ల మెడ నలుగురి నోళ్లలో పడుతుంది. మందుల షాపులో ఇచ్చే ట్యూబులో తరచుగా ఉండేది బెటామెథసోన్, క్లోబెటసాల్ లాంటి స్టెరాయిడ్. పది రోజులు రాస్తే రంగు తేలినట్టుంటుంది. తర్వాత చర్మం కాగితంలా పలచబడుతుంది, ఎర్రటి నరాలు తేలతాయి, మొటిమలు, రోమాలు వస్తాయి. మానేస్తే మండిపోతుంది, మళ్లీ రాయాల్సిందే. ఇలాంటి పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే కేంద్రం నిబంధన బిగించింది. ఏ ఊళ్లోనైనా షాపు ముందు పది నిమిషాలు నిలబడి చూడండి, ఆ నిబంధన ఎంత అమలవుతోందో తెలుస్తుంది. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో తెల్లబరిచే క్రీములు వాడినవారిలో మూత్రపిండాల జబ్బు బయటపడింది. ఆ క్రీముల్లో పాదరసం ఉంది. చర్మం తెల్లబడటానికి వాడే గ్లూటథయోన్ ఇంజెక్షన్లకు అమెరికా ఎఫ్‌డీఏ ఆమోదం లేదు. ఫిలిప్పీన్స్ ఔషధ సంస్థ 2011లోనే వాటి మీద హెచ్చరిక జారీ చేసింది. మన నగరాల్లో పెళ్లికూతుళ్ల ప్యాకేజీల్లో అవి భాగమైపోయాయి.

ఈ క్రీములన్నిటిలోకీ పెద్ద హాని ఒళ్లు పాడవడం కూడా కాదు. పదేళ్లు ముందుగా పలికిన సాక్షి నోరు మూయించడం. రంగు కాస్త తేలగానే ఇంట్లో అందరూ నిశ్చింతగా ఉంటారు. లోపల ఇన్సులిన్ అలాగే పెరుగుతూ ఉంటుంది.

ప్రభుత్వాలు చేయగలిగింది చాలా ఉంది, అందులో ఎక్కువ ఖర్చు లేనిదే ఎక్కువ. బడులకు, అంగన్‌వాడీలకు వెళ్లే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమ్ బృందాలు పిల్లల కళ్లు, పళ్లు, బరువు చూస్తున్నాయి. మెడ వెనక కూడా చూడమని ఒక వరుస ఆ కార్డులో చేర్చాలి. అమెరికాలోని టెక్సాస్‌లో మెక్సికో సరిహద్దు ప్రాంతపు బడుల్లో ఇలా పిల్లల మెడ చూసి, అవసరమైనవారిని వైద్యుడి దగ్గరకు పంపే ఏర్పాటు నడిచింది. మనకు అంతకన్నా ఎక్కువ అవసరం ఉంది. తరగతి ముందు నిలబెట్టి కాదు, పిల్ల సిగ్గుపడకుండా, వేరే గదిలో చూడాలి. ప్రైవేటు ఇంటర్ కాలేజీల హాస్టళ్లకు అనుమతి ఇచ్చేటప్పుడు గదుల కొలతలు, అగ్నిమాపక పత్రాలు అడుగుతున్నట్టే వారపు వంటకాల పట్టిక, రోజుకు గంట ఆట అడగాలి. తెలంగాణలో 2025 ఉగాది నుంచి రేషన్‌లో సన్నబియ్యం ఇస్తున్నారు. మనిషికి నెలకు ఆరు కిలోలు. పేదవాడూ మంచి అన్నం తినాలన్న ఆ ఆలోచనను తప్పుపట్టలేం. దాని పక్కన కందిపప్పు కూడా ఉంటే ఆ అన్నం పూర్తవుతుంది. రెండు రాష్ట్రాల్లోనూ బడిపిల్లల మధ్యాహ్న భోజనంలో గుడ్డు ఉంది. దాన్ని ఏ సాకుతోనూ తగ్గించకూడదు. ఔషధ నియంత్రణ అధికారులు ఒక్క నెల స్టెరాయిడ్ ట్యూబుల బిల్లులు, చీటీలు పోల్చి చూస్తే చాలు, ఎక్కడ దాడి చేయాలో వాళ్లకే అర్థమవుతుంది.

ఇంట్లో చేయవలసినది ఇంకా అత్యవసరమైనది. పిల్ల మెడ వెలుతురులో చూడండి. నలుపు ఉంటే పీచు, ట్యూబు రెండూ పక్కన పెట్టి పిల్లల డాక్టరు దగ్గరకో, ఎండోక్రినాలజిస్టు దగ్గరకో తీసుకెళ్లండి. బరువు, నడుము కొలత, బీపీ, పరగడుపు చక్కెర, హెచ్‌బీఏ1సీ, థైరాయిడ్, కాలేయం సంగతి వాళ్లు చూస్తారు. చక్కెర అంకె బాగుందన్నా అక్కడితో ఆగవద్దు, "మరి మెడ ఎందుకు నల్లబడింది?" అని అడగండి. కంచంలో అన్నం గరిటె తగ్గించి పప్పు గరిటె పెంచండి. కూర, ఆకుకూర, పెరుగు, గుడ్డు ఆ చోటికి రావాలి. సీసా పానీయాలు ఇంట్లోకి రానివ్వకండి. పిల్ల ఒక్కదానికే వేరే వంట పెట్టి మిగతావాళ్లు పూరీలు తింటే అది శిక్షలా ఉంటుంది, నాలుగు రోజులు కూడా నిలవదు. ఆత్రంలో తిండి మాన్పించి కడుపు మాడ్చితే రెండు మూడు నెలలకు జుట్టు గుప్పెళ్లతో రాలుతుంది. అప్పుడు బయోటిన్ బిళ్లలు కొనిపెడతారు, ఆ బిళ్లలు థైరాయిడ్ వంటి రక్తపరీక్షల ఫలితాలనే తారుమారు చేయగలవు.

పెద్దవాళ్లకు ఒక ప్రత్యేక హెచ్చరిక. యాభై దాటాక, బరువు తగ్గుతూ ఉండగా, ఈ నలుపు ఒక్కసారిగా వచ్చి వేగంగా పాకితే, అరచేతులకు, నోటికి కూడా వ్యాపిస్తే అది ఇన్సులిన్ వ్యవహారం కాకపోవచ్చు. అరుదుగా జీర్ణాశయ క్యాన్సర్ ఇలా బయటపడుతుంది. వారం కూడా ఆలస్యం చేయకూడదు.

పిల్లల్లో మాత్రం ఇది వెనక్కి తిరిగే దారే. బరువు కొంచెం తగ్గి, ఒళ్లు రోజూ కదిలి, నిద్ర సరిపడా పడితే ఇన్సులిన్ దిగుతుంది. రక్తంలో మార్పు ముందు వస్తుంది, చర్మంలో మార్పు నెలలు గడిచాక నెమ్మదిగా కనిపిస్తుంది. ఆ నెలలన్నీ పండగలకు వచ్చే అత్తలు, పిన్నులు, ఇరుగుపొరుగు ఎవరూ ఆ పిల్ల మెడ వైపు చూసి ఒక్క మాట అనకుండా అమ్మానాన్నలు అడ్డం నిలబడాలి.